నేల, మనిషి, చరిత్ర: నెల్లూరు మెట్టసీమపై ఒక పరిశీలన

నెల్లూరు జిల్లా పడమటి భాగాన్ని గురించి యెవరు మాట్లాడినా, యెవరు రాసినా మొదటి మాట ఒకటే: అది మెట్ట, వానలు తక్కువ, నేల రాతినేల, అందుచేత జనం పేదవారు. ఉదయగిరి, ఆత్మకూరు, వింజమూరు అన్న పేర్లు వచ్చిన ప్రతిచోటా ఈ మాట వినిపిస్తుంది. అధికారుల నివేదికలలో వుంటుంది. ఎన్నికల ఉపన్యాసాలలో వుంటుంది. మా ప్రాంతపు విద్యార్థులు తమ ఊరిని గురించి వ్యాసం రాస్తే అందులోనూ వుంటుంది. వానలు తక్కువ అన్నమాట నిజమే. ఈశాన్య ఋతుపవనం సముద్రతీరం నుండి వెలికొండల వైపు పోయేకొద్దీ బలహీనపడుతుంది. రాతినేల అన్నమాటా నిజమే. జనంలో పేదలు హెచ్చు అన్నమాట మరీ నిజం. కాని ఈ మూడు నిజాలను కలిపి కుట్టిన "అందుచేత" అన్న మాట వున్నదే, అది నిజమా?

ఇది తీరిక వేళ తర్కం కాదు. పేదరికానికి ప్రకృతే కారణమైతే అడగవలసిన వారెవరూ లేరు. ఆకాశం వైపు చూసి కూర్చోవలసిందే. మనుషుల మధ్య నెలకొన్న సంబంధాలు కారణమైతే అడగవలసిన వారున్నారు, మార్చవలసినవీ వున్నాయి. మానవ భూగోళశాస్త్రంలో నూటయాభై ఏళ్ళుగా సాగుతున్న తాత్త్విక చర్చంతా నిజానికి ఈ ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతున్నది: నేల మనిషిని చేసిందా, మనిషి నేలను చేశాడా? ఆ చర్చలోని ప్రధానమైన వాదాలను ఒక్కొక్కటిగా తెచ్చి ఈ మెట్టసీమ చరిత్ర ముందు నిలబెట్టి చూద్దాం.

1. ప్రకృతే విధాత అన్న వాదం

జర్మన్ పండితుడు రాట్జెల్ తన మానవ భూగోళ గ్రంథాన్ని 1882లోను, 1891లోను రెండు సంపుటాలుగా వెలువరించాడు. ఆయన శిష్యురాలు అమెరికన్ భూగోళవేత్త ఎలెన్ సెంపుల్ 1911లో భౌగోళిక పరిసరాల ప్రభావాలపై పెద్ద గ్రంథం రాసింది. శీతోష్ణస్థితి, కొండలు, నదులు మనుషుల వృత్తులను, స్వభావాలను, చివరకు వారి మతాలను కూడా తీర్చిదిద్దుతాయని ఈ వాదం సారాంశం. సామ్రాజ్యాలు విస్తరిస్తున్న కాలంలో ఈ వాదానికి అంత ఆదరణ దొరకడం కాకతాళీయం కాదు. ఉష్ణదేశపు జనం స్వభావసిద్ధంగానే వెనుకబడినవారైతే వారిని పాలించడం దోపిడీ కాదు, పరోపకారం!

మన దేశంలో ఆంగ్ల పాలకులు రాయించిన జిల్లా మాన్యువళ్ళ అమరికలోనే ఈ ఆలోచన కనిపిస్తుంది. మొదట కొండలు, నదులు, నేలలు. తరువాత మొక్కలు, జంతువులు. ఆ వరుసలోనే కులాలు, వారి ఆచారాలు. బాస్వెల్ నెల్లూరు జిల్లా మాన్యువల్ 1873లో అచ్చయింది. అటువంటి గ్రంథాలలోని సమాచారం మనకు అమూల్యమైనదే. అయితే చెట్లనూ కులాలనూ ఒకే జాబితాలో చదివిన పాఠకుడికి రెండూ నేలలోంచి మొలిచినవే అనిపిస్తాయి.

ఇక ఈ వాదాన్ని ఉదయగిరి ముందు నిలబెట్టి చూద్దాం. సుమారు మూడువేల అడుగుల యెత్తున్న ఆ కొండ ఈనాడు వున్నట్టే 14వ శతాబ్దంలోనూ వున్నది. అప్పుడది విజయనగర రాజ్యంలో ఒక మండలానికి ముఖ్యపట్టణం. రాజకుమారులు పాలించిన చోటు. 15వ శతాబ్దంలో గజపతుల చేతికి పోయింది. 1513లో కృష్ణదేవరాయలు ముట్టడి ఆరంభించి, 1514లో గాని దానిని వశపరచుకోలేకపోయాడు. అక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని తీసుకొనిపోయి, హంపీలో గుడి కట్టించి, 1515లో ప్రతిష్ఠించాడు. ఒక రాజు అంతకాలం సైన్యాన్ని నిలిపి పోరాడదగినంత విలువైన చోటు అది. తరువాత నవాబుల కాలంలో జాగీరయింది. 1839లో కుట్ర ఆరోపణపై జాగీరును ఆంగ్లేయులు తీసుకున్నారు. 20వ శతాబ్దానికి అదే ఉదయగిరి "వెనుకబడిన తాలూకా" అయింది. ఈ అయిదారు వందల యేళ్ళలో రాయి మారలేదు. వాన స్వభావమూ మారిందనలేము. మారని వస్తువు మారినదానికి కారణమెట్లా అవుతుంది? ఇక్కడే ప్రకృతి నిర్ణయవాదం కూలిపోతుంది.

2. చెరువు చెప్పే సంగతి

ఈ వాదాన్ని ఫ్రాన్సు నుండి ఎదిరించినవారు విదాల్ ద లా బ్లాష్, ఆయన బాటలో 1922లో గ్రంథం రాసిన చరిత్రకారుడు లూసియన్ ఫెవ్ర్. ప్రకృతి ఆజ్ఞాపించదు, అవకాశాలు మాత్రమే చూపుతుంది. ఏరుకొనేది మనిషి అని వారి వాదం. ఒక ప్రాంతపు జనం తరతరాల శ్రమతో అలవరచుకున్న జీవన విధానమే ఆ ప్రాంతానికి రూపమిస్తుందని విదాల్ చెప్పాడు.

ఈ మాటకు మన పొరుగునే ఒక గొప్ప సాక్ష్యం వుంది. వెలికొండల కావల, కడప జిల్లా పోరుమామిళ్ళలో పెద్ద చెరువు వుంది. దానిని కట్టించినవాడు ఉదయగిరి నుండి పాలించిన భాస్కర భవదూరుడు, మొదటి బుక్కరాయల కుమారుడు. 1369 నాటి ఆ సంస్కృత శాసనం కేవలం దానశాసనం కాదు, చెరువు కట్టే శాస్త్రం. చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను, తప్పించవలసిన ఆరు దోషాలను అది లెక్కపెడుతుంది. గట్టినేల, తియ్యని నీటి యేరు, కట్టకు ఆసరా యిచ్చే కొండలు అంగాలలో వున్నాయి. వాటి పక్కనే ధర్మవర్తనుడైన రాజు, జలశాస్త్రం తెలిసినవాడు, నైపుణ్యంగల పనివారు కూడా అంగాలే. దోషాలలో కట్ట నుండి నీరు కారడం, చవిటినేల చెప్పి, రెండు రాజ్యాల సరిహద్దున చెరువు వుండడాన్ని కూడా దోషంగా లెక్కించింది. అంటే ఆరువందల యాభై యేళ్ళ క్రితమే మన ప్రాంతపు స్థపతులకు తెలుసు: చెరువు కేవలం ప్రకృతి కాదు, కేవలం మనిషీ కాదు, రాయి, నీరు, విద్య, అధికారం కలిస్తేనే చెరువు.

ఆ శాసనమే ఇంకొక సంగతి చెబుతుంది. రోజుకు వేయిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్ళపాటు పనిచేశారట. రాజు పేరు వున్నది, ఆయన వంశమంతా వున్నది. వేయిమందిలో ఒక్కరి పేరూ లేదు. "మనిషి ఏరుకుంటాడు" అన్న ఫ్రెంచి పండితుల సిద్ధాంతం ఇక్కడ తడబడుతుంది. ఏ మనిషి? చెరువు ఎక్కడ కట్టాలో ఏరుకున్నవాడు ఒకడు, మట్టి మోసినవారు వేరొకరు. ఆ నీరు పారిన మాగాణి ఎవరి చేతిలో వుందో అది మూడవ ప్రశ్న. ఈ మూడింటినీ కలిపి "మనిషి" అన్న ఒక్క ఏకవచనంలో మూటగట్టడం వల్ల ఆ సిద్ధాంతం అందంగా వుంటుంది, కాని సగంలో ఆగిపోతుంది.

3. ఆవుల మేత, రాజు పుల్లరి

ఆ సగాన్ని మన జానపద వాఙ్మయం పూర్తిచేస్తున్నది. కాటమరాజు కథ యాదవుల వీరగాథ. కొమ్ములవారు తరతరాలుగా దానిని గొల్లల ముందు పాడుతూ వచ్చారు. 20వ శతాబ్దంలో తంగిరాల వెంకట సుబ్బారావు వంటి పరిశోధకుల కృషివల్ల ఆ కథాచక్రం అచ్చులోకి వచ్చింది. ఆవులతో దక్షిణానికి వచ్చిన కాటమరాజుకు, 13వ శతాబ్దపు నెల్లూరు చోడరాజైన నల్లసిద్ధికి ఒడంబడిక జరిగింది. మేతకు ప్రతిగా పుట్టిన కోడెదూడలు రాజుకు పుల్లరి. తరువాత తగవు వచ్చింది, కాటమరాజు పుల్లరి నిరాకరించాడు, యుద్ధం జరిగింది, రాజు పక్షాన ఖడ్గతిక్కన పోరాడి మరణించాడు.

ఈ కథలోని తగవు ఒక చిలుక గురించనీ, ఒక అంతఃపురకాంత గురించనీ చెప్పుకోవడం వాడుక. అది కథకు రుచి. కథకు ప్రాణం వేరు. ఒకే గడ్డినేలను ఇద్దరు రెండు విధాల చూశారు. పశుపాలకుడికి నేల అంటే దారి. వాన ఎటు పడితే అటు కదిలిపోయే మేత. రాజుకు నేల అంటే ఎల్ల. అందులో అడుగుపెట్టిన ప్రతి గిట్టకూ లెక్క. పెన్నలో కలిసే బొగ్గేరు, బీరాపేరు ఇరువురికీ అవే వాగులు. వాటి అర్థం మాత్రం వేరు. స్థలం అన్నది ముందే సిద్ధంగా వున్న పెట్టె కాదు, ఉత్పత్తి విధానాన్నిబట్టి దాని స్వరూపం మారుతుందని 1974లో ఫ్రెంచి మార్క్సిస్టు ఆన్రీ లెఫెవ్ర్ ఒక గ్రంథంలో ప్రతిపాదించాడు. మన కొమ్ములవాడు ఆ సిద్ధాంతం చదవలేదు. ఆ సంఘర్షణను మాత్రం పాడాడు.

పుల్లరి చోడరాజులతో పోలేదు. 1882 నాటి మద్రాసు అటవీచట్టం కొండలను రిజర్వుఫారెస్టుగా గీత గీసింది. నిన్నటిదాకా ఊరి బీడుగా వున్నది తెల్లవారేసరికి సర్కారు అడవి అయింది. 1921-22లో పల్నాటి రైతులు పుల్లరి కట్టమన్నారు, కన్నెగంటి హనుమంతు తుపాకి గుండ్లకు బలి అయ్యాడు. నెల్లూరు జిల్లాలోనే వెంకటగిరి జమీందారీలో మేత హక్కులపై రైతులు పోరాడారు. ఏడువందల యేళ్ళలో రాజులు మారారు, మేత మీది పన్ను పేరు మారలేదు.

4. "మా ఊరు" అన్న భావం

1970 తరువాత పాశ్చాత్య దేశాలలో ఇంకొక ధోరణి బలపడింది. యి-ఫు తువాన్ 1974లో స్థలప్రీతి గురించి, 1977లో స్థలానుభవం గురించి గ్రంథాలు రాశాడు. 1976లో ఎడ్వర్డ్ రెల్ఫ్, ఊళ్ళన్నీ ఒకే మూసలోకి పోతున్నాయని, చోటు తన ప్రత్యేకతను పోగొట్టుకుంటున్నదని విచారించాడు. వీరి మాట ఇది: పటం మీద చుక్క ఊరు కాదు. అక్కడ పుట్టి పెరిగినవాడి జ్ఞాపకం, భయం, మమకారం కలిస్తేనే ఊరు.

సాహిత్య విద్యార్థికి ఈ మాట కొత్తది కాదు. మన పొరుగు తమిళుల సంగ సాహిత్యం నేలను అయిదు తిణైలుగా విభజించి, కొండకు ఒక భావం, మేతబీడుకు ఒకటి, పొలానికి ఒకటి, సముద్రతీరానికి ఒకటి, ఎండిన పాళైకు ఒకటి చొప్పున కేటాయించింది. మైపాడు తీరంలో బయలుదేరి ఉదయగిరి కొండ దాకా ప్రయాణంచేసినవాడికి ఈ అయిదూ ఒక్కరోజులో కనిపిస్తాయి. తెలుగువాడైతే ఊరిని ఇంటిపేరులోనే మోసుకుపోతాడు. ఊరు విడిచి పది తరాలైనా పేరు విడవడు. ఈ ప్రాంతపు పాతపేరు పాకనాడు. పాకనాటి అన్న విశేషణం కాపులలో, బలిజలలో, గొల్లలలో, చాకళ్ళలో, మాలలలో కూడా శాఖాభేదంగా నిలిచింది. అంటే సీమ పేరు కులమంతటికీ గుర్తయింది.

కనుక మమకారం అబద్ధం కాదు. దానిని భావుకత అని కొట్టిపారవేయడం అభ్యుదయవాదులకు తగదు. కాని "మా ఊరు" అన్నప్పుడు ఆ "మా"లో ఎవరెవరున్నారని అడగడం మన విధి. మన ఊరి నిర్మాణంలోనే ఆ ప్రశ్న వుంది. ఊరు ఒకటి, పల్లె వేరొకటి. బావి ఒకటి, దానికి దూరంగా నిలబడి నీటికోసం ఎదురుచూసిన కడవ వేరొకటి. ఉన్నవ లక్ష్మీనారాయణ 1922లో తన నవలకు పెట్టిన పేరు ఒక మనిషి పేరు కాదు, ఒక చోటు పేరు: మాలపల్లి. ఊరికీ దానికీ మధ్యనున్న దూరం గజాలలో కొలిచేది కాదని ఆయనకు తెలుసు. అనుభవాన్ని మాత్రమే చూసే తత్త్వం ఆ దూరాన్ని వర్ణించగలదు. అది ఎందుకు వచ్చిందో చెప్పలేదు.

5. కొలతల భూగోళం

వర్ణన చాలదు, కొలవాలన్నవారూ వున్నారు. 1933లో జర్మన్ పండితుడు క్రిస్టాలర్ దక్షిణ జర్మనీ పట్టణాలను పరిశీలించి, చిన్న ఊళ్ళకు పెద్ద ఊరు ఎంత దూరంలో ఏర్పడుతుందో సూత్రం కట్టాడు. చుట్టుపక్కల పల్లెలకు అంగడి, బస్సు, ఆసుపత్రి అయిన వింజమూరు వంటి చోటుకు ఈ సూత్రం కొంతవరకు సరిపోతుంది. కాని 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చినప్పుడు ఏ ఊరు కేంద్రం కావాలన్నది దూరమొక్కటే తేల్చలేదు, అధికారమూ తేల్చింది. క్రిస్టాలర్ తానే తరువాత హిట్లర్ ప్రభుత్వం ఆక్రమించిన పోలండులో కొత్త ఊళ్ళ పథకాలకు పనిచేశాడు. ఊళ్ళను గీతలుగా, మనుషులను అంకెలుగా చూసే శాస్త్రం ఎవరి చేతిలోనైనా పనిముట్టు కాగలదు.

భూగర్భ శాస్త్రజ్ఞులకు "వింజమూరు సముదాయం", "ఉదయగిరి సముదాయం" అంటే మనుషుల సముదాయాలు కావు, నెల్లూరు శిలామేఖలలోని రాతిపొరలు. ఆ శాస్త్రానికి అది న్యాయమే. కాని మనుషుల శాస్త్రం కూడా ఊరి పేరు పెట్టుకొని ఊళ్ళో మనిషిని వదలివేస్తే అది శాస్త్రం కాదు.

6. నీరు ఎటు పారింది?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు రావచ్చును. మెట్ట ఎందుకు మెట్టగా మిగిలింది? జవాబు మెట్టలో వెతికితే దొరకదు; డెల్టాలో వెతకాలి.

1855లో నెల్లూరు వద్ద పెన్నకు ఆనకట్ట కట్టారు. 1882-86 మధ్య సంగం ఆనకట్ట వచ్చింది. దిగువన మొలగొలుకులు పండిన మాగాణి విస్తరించింది, భూమిశిస్తు పెరిగింది. ఆంగ్ల ప్రభుత్వం ఎక్కడ రాబడి త్వరగా వస్తుందో అక్కడ పెట్టుబడి పెట్టింది. ఎగువన చెరువులు పాతవే. వాటి మరమ్మతు చూసే గ్రామవ్యవస్థ శిథిలమయింది. 1876-78 నాటి ధాత కరువు మద్రాసు రాజధానిని పీల్చివేసినప్పుడు నెల్లూరు జిల్లా కూడా అందులో చిక్కింది. వాన రాకపోవడం ప్రకృతి. పండిన ధాన్యం ఓడలెక్కుతుండగా కూలి లేక మనిషి చావడం ప్రకృతి కాదు.

స్వాతంత్ర్యం తరువాత 1975లో సోమశిల జలాశయం పని మొదలయింది. 78 టీఎంసీల నిలువ. దానికోసం కడప జిల్లా గ్రామాలు అనేకం మునిగాయి. జలాశయం ఆత్మకూరు ప్రాంతపు గడపలో వుంది, అయినా నీరు ప్రధానంగా దిగువకే పోయింది. 2022 సెప్టెంబరులో సంగం, నెల్లూరు వద్ద పాత ఆనకట్టల స్థానంలో బ్యారేజీలు ప్రారంభమయ్యాయి. ఉదయగిరి మెట్టకు కృష్ణాజలాలు తేవలసిన వెలిగొండ పథకానికి 1996లో శంకుస్థాపన జరిగింది. మార్కాపురం ప్రాంతపు కమ్యూనిస్టు నాయకుడు పూల సుబ్బయ్య పేరు దానికి పెట్టారు. మూడు జిల్లాలలో 4,47,300 ఎకరాలకు నీరందించాలన్నది లక్ష్యం. అందులో నెల్లూరు వంతు 84,000 ఎకరాలు. రెండవ సొరంగం తవ్వకం 2024 జనవరికి గాని పూర్తికాలేదు. శంకుస్థాపననాడు పుట్టిన బిడ్డ అప్పటికి వలసకూలీ వయస్సుకు వచ్చాడు.

డెల్టా, మెట్ట రెండు వేర్వేరు ప్రకృతులు కావు. ఒకే క్రమానికి రెండు ముఖాలు. నీరు డెల్టాకు పోయింది. ఆ నీటివెంబడి నాట్లకు, కోతలకు మెట్ట కూలీ కూడా పోయింది. పెట్టుబడి ఒక చోటును పెంచుతూ, ఆ పెంపకానికే మరొక చోటును అణచి వుంచుతుందని నీల్ స్మిత్ 1984లో రాసిన అసమాభివృద్ధి సిద్ధాంతం. దానికి ముందు 1973లోనే, నిష్పక్షపాతమనుకున్న భూగోళశాస్త్రంలో న్యాయం అన్న ప్రశ్నను డేవిడ్ హార్వే ప్రవేశపెట్టాడు. ఆ సిద్ధాంతం ఇక్కడ అక్షరాలా కనబడుతుంది.

మెట్ట ప్రపంచానికి దూరంగా వుందన్నదీ భ్రమే. కలిగిరి, డీసీపల్లి వేలం కేంద్రాలలో పొగాకు బేళ్ళ ధర విదేశీ కొనుగోలుదార్ల లెక్కలమీద ఆధారపడుతుంది. 19వ శతాబ్దంలో ఒంగోలు నెల్లూరు జిల్లాలోనిది. ఆ జాతి పశువులు బ్రెజిలుకు పోయి నేడు అక్కడ "నెలోర్" అన్న పేరుతో లక్షల మందలుగా మేస్తున్నాయి. ఉదయగిరి కొయ్య గరిటెలకు భౌగోళిక గుర్తింపు దొరికింది. ఆ కొయ్యకోసం అడవికి పోయే చేతికి ఆ గుర్తింపు వల్ల ఎంత దక్కిందన్నది వేరే ప్రశ్న. ఊరు పేరు సముద్రాలు దాటింది, ఊరి లాభం ఊరు చేరలేదు.

అయితే ఒక హెచ్చరిక అవసరం. అంతా నీటి అదుపువల్లనే అని, పెట్టుబడివల్లనే అని యాంత్రికంగా చెప్పి వూరుకుంటే మనమూ నిర్ణయవాదులమే అవుతాం. కొండ స్థానంలో కాలువను పెట్టినంత మాత్రాన అది చారిత్రక భౌతికవాదం కాదు. చరిత్రను చేసే మనుషులు అందులో కనిపించాలి.

7. దూబగుంట

ఆ మనుషులు ఈ మెట్టలోనే కనిపించారు. వింజమూరు పొరుగున కలిగిరి మండలంలో దూబగుంట అన్న చిన్న ఊరు వుంది. 1991లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం సాగింది. రాత్రిబడిలో కూలిస్త్రీలు చదివిన వాచకంలో సారాకు కూలిన సంసారం గురించి సీతమ్మ కథ అన్న పాఠం వుంది. అది చదివి వారు వూరుకోలేదు. రోశమ్మ వంటి స్త్రీలు ముందుండి సారాను ఊళ్ళోకి రానీయలేదు. 1992లో ఆ నిప్పు జిల్లా అంతటా అంటుకొని, సారా వేలంపాటలు ఆగిపోయాయి. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధాన్ని 1997లో సడలించారు. గెలుపు పూర్తిగా నిలవలేదు. అది వేరే చర్చ.

మన విషయానికి ముఖ్యమైనది వేరు. సారాకొట్టు మగవారి చోటు. కూలిడబ్బు కాంట్రాక్టరుకు, కాంట్రాక్టరు ద్వారా ప్రభుత్వ ఖజానాకు పోయే కాలువ. ఊరి బొడ్రాయి దగ్గర, చావడి దగ్గర నిలబడి మాట్లాడే హక్కు లేని స్త్రీలు ఆ చోటు ముందు నిలబడ్డారు. నిలబడ్డాక ఊరి పటమే మారింది. చోటు అన్నది నిలిచిపోయిన వస్తువు కాదు, మనుషుల సంబంధాలు ఎప్పటికప్పుడు అల్లే అల్లిక అని ఆంగ్ల భూగోళవేత్త డోరీన్ మాసీ 1991లో రాసింది. ఆ సంవత్సరమే రాత్రిబడి దీపాల కింద ఈ స్త్రీలు దానిని ఆచరణలో పెట్టబోతున్నారు. వానలు తక్కువైన, రాయి ఎక్కువైన ఈ మెట్టనుండే రాష్ట్రాన్ని కదిపిన ఉద్యమం లేచింది. "అందుచేత"కు ఇంతకన్న జవాబు ఏం కావాలి?

8. మన పని

19వ శతాబ్దారంభంలో కర్నల్ మెకంజీ కోసం కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు ఊరూరా కైఫీయతులు సేకరించారు. కరణాలు తమ ఊరు ఎట్లా పుట్టిందో, చెరువు ఎవరు కట్టించారో, ఏ దొరతనంలో ఎంత శిస్తో రాసియిచ్చారు. స్థలపురాణం చోటును దేవుడికి ఇచ్చింది. కైఫీయతు దానిని రాజులకు, కరణాలకు ఇచ్చింది. మాన్యువల్ కలెక్టరుకు ఇచ్చింది. చోటును చేసినవారికి మాత్రం ఇంకా ఎవరూ ఇవ్వలేదు.

ఆ కొత్త కైఫీయతు రాయవలసినవారు మెట్ట ప్రాంతపు ఉపాధ్యాయులు, విద్యార్థులు. చెరువు పూడిక చివరిసారి ఎప్పుడు తీశారు? నీటివంతు ఎవరిది? అడవి గీత ఎక్కడ పడింది, దానివల్ల ఎవరి మంద తగ్గింది? ఊరు విడిచిపోయినవారు ఏ పట్నంలో ఏ పని చేస్తున్నారు, వారి ఇంటి తాళంచెవి ఎవరి దగ్గర వున్నది? పల్లెకు రోడ్డు ఊరి తరువాత ఎన్నేళ్ళకు వచ్చింది? ఈ ప్రశ్నలు పెద్ద పరిశోధనాలయాలు లేకుండానే అడగవచ్చును. జవాబులు చెప్పగల ముసలివారు ఇంకా అరుగులమీద కూర్చునే వున్నారు. వారిని అడిగి రాసుకొన్ననాడు, మన విద్యార్థి వ్యాసంలో ఆ మొదటి వాక్యం మారుతుంది. మెట్టలో వానలు తక్కువ, నేల రాతినేల, అయినా ఇక్కడి జనం ఏమేమి చేశారో, వారికి దక్కవలసినది ఎవరు తీసుకున్నారో చూడండి అని అతడు రాస్తాడు. అక్కడినుండి భూగోళం చరిత్ర అవుతుంది.